పుల్లరి నాటి నుంచి తెగని లెక్క: మంద ఎక్కడ మేయాలి?

2017 జూన్‌లో సిద్దిపేట జిల్లా కొండపాకలో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. 2012లో 1.28 కోట్లున్న గొర్రెలు 2019 పశుగణన నాటికి 1.9 కోట్లయ్యాయి. దేశంలోనే మొదటి స్థానం. మరి ఇన్ని జీవాలు ఏం మేయాలి? ఈ ప్రశ్న కొత్తది కాదు.

1882 మద్రాసు అటవీ చట్టంతో ఊరి పక్క అడవులు రిజర్వులయ్యాయి. అప్పటిదాకా పశువులు తిరిగిన చోటే మేతకు పన్ను కట్టాల్సి వచ్చింది. అదే పుల్లరి. పల్నాడు రైతులు 1921లో కట్టబోమని తెగేసి చెప్పారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పులకు బలయ్యాడు. గడ్డి కోసం ప్రాణాలు పోయిన నేల మనది.

అడవికి నష్టం ఉండదా అంటే, ఉంటుంది. తొలకరికి లేచిన లేత గడ్డిని వేరు పట్టకముందే మేస్తే ఆ ఏడు గుట్ట బోడిగా మిగులుతుంది. ఆ సంగతి కాపరులకూ తెలుసు. వానాకాలం చేలల్లో పంట ఉంటుంది కాబట్టి మందను కంచలకు, గుట్టలకు తోలేవారు. కోతలయ్యాక చేలలోకి దించేవారు. రాత్రికి వల చుట్టి రైతు పొలంలోనే మంద పెట్టేవారు. తెల్లారేసరికి పెంట, మూత్రం మట్టిలో కలిసేవి, రైతు గింజలో డబ్బులో ఇచ్చేవాడు. గొర్రెకు మేత, చేనుకు ఎరువు. ఇంత చక్కటి ఏర్పాటును మనమే చేతులారా పాడుచేసుకున్నాం.

ఊరి ఉమ్మడి మేత భూములైన బంచరాయిలు కొన్ని పట్టాలుగా పంచారు, కొన్ని ఆక్రమణల పాలయ్యాయి, కొన్ని క్వారీలు, ప్లాట్లు అయ్యాయి. బోర్లు పడ్డాక బీళ్లు సాగులోకి వచ్చాయి. రెండో పంట వేసిన చేలో మందకు ఖాళీ ఎక్కడిది? గొంగడికి ఉన్నినిచ్చే, ఎంత దూరమైనా నడవగలిగే నల్ల దక్కనీ గొర్రె కూడా తగ్గింది. మాంసం ఎక్కువొచ్చే నెల్లూరు జాతి ఆ చోటికి వచ్చింది.

2015లో హరితహారం మొదలైంది. మొక్కలు నాటడం మంచిదే. కానీ జీవాలు తిరిగే జాగాల్లో మొక్కలు పెట్టినప్పుడు మేతకు వేరే దారి చూపాలి కదా. 2019లో హుజూరాబాద్‌లో మొక్కలు మేశాయని మేకలను పట్టుకుని యజమానికి జరిమానా వేశారు. ఒక చేత్తో జీవాలనిచ్చి, రెండో చేత్తో మేతకు అడ్డుకట్ట వేస్తే కాపరి ఎటు పోవాలి?

2006 అటవీ హక్కుల చట్టం అడవిలో మేత హక్కును, సంచార కాపరులు కాలాన్నిబట్టి అడవికి వచ్చిపోయే హక్కును గుర్తించింది. ఆ హక్కులు పల్లె దాకా రావాలంటే ముందు ప్రతి ఊళ్లో బంచరాయి సర్వే నంబర్లు బయటికి తీసి, మిగిలింది ఎంతో కొలవాలి. ఎన్ని గొర్రెలివ్వాలో తేల్చేది ఆ కొలతే కావాలి.