భ్రమకు ముందు వచ్చే వణుకు

ఇరవై ఏళ్ల కుర్రాడు నడిచి వెళ్తుంటే వెనక ఇద్దరు నవ్వుకున్నారు. "నన్ను చూసే నవ్వారా?" అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. చాలామందిలో అది నాలుగడుగులు వేసేలోపే కరిగిపోతుంది. ఈ కుర్రాడిలో కరగలేదు. గుండె దడ మొదలైంది, మెడ బిగిసింది, పక్క మీద వాలాక కూడా ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది. తెల్లారేసరికి "వాళ్లు నా గురించే ఏదో అనుకుంటున్నారు" అన్న ఊహ తయారైంది. నిలదీసి అడిగితే మాత్రం "ఏమో, నా అనుమానమేనేమో" అంటాడు. ఆ "ఏమో" ఇంకా మిగిలి ఉంది. సైకోసిస్ పూర్తిగా కమ్ముకున్న మనిషిలో అది దొరకడం కష్టం.

లేని గొంతులు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారని తిరుగులేని నమ్మకం ఏర్పడటం, ఆలోచనల అల్లిక చెదిరిపోవడం, ఇవన్నీ సైకోసిస్ లక్షణాలు. చాలామందిలో ఇది ఉన్నట్టుండి ఊడిపడదు. నెలల ముందు నుంచి, ఒక్కోసారి ఏళ్ల ముందు నుంచి సూచనలు కనిపిస్తాయి. ఆ దశలోనే మనిషిని పోల్చుకోవాలన్న పట్టుదలతో 1990ల మధ్యలో మెల్‌బోర్న్‌లో ప్యాట్రిక్ మెక్‌గొరీ, అలిసన్ యుంగ్‌ల బృందం కొన్ని కొలమానాలు తయారుచేసింది. లక్షణాలు పలచగా ఉన్నవాళ్లు, కొద్ది రోజులు వచ్చి వాటంతటవే తగ్గిపోయినవాళ్లు, దగ్గరి రక్తసంబంధీకుల్లో ఈ జబ్బు ఉండి తాము కూడా చదువులోనో పనిలోనో బాగా వెనకబడినవాళ్లు ఈ లెక్కలోకి వస్తారు.

ఇక్కడ అంకెల గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇళ్లల్లో భయమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. 2012లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, ముప్పు ఉందని గుర్తించినవారిలో మూడేళ్లలో 36 శాతం మందికి సైకోసిస్ వచ్చింది. తర్వాతి లెక్కల్లో అది సుమారు 25 శాతానికి తగ్గింది. మామూలు జనంతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ, కాబట్టి తేలిగ్గా తీసుకోకూడదు. కానీ నలుగురిలో ముగ్గురికి ఆ మూడేళ్లలో జబ్బు రాలేదన్నది కూడా అదే లెక్క. ముప్పు ఉందన్న మాటని జబ్బు వచ్చేసిందన్నట్టు చెప్పే ఎవరినైనా నేను తప్పుబడతాను.

భ్రమ కన్నా ముందు వచ్చేదేమిటి? జర్మన్ మానసిక వైద్యుడు క్లౌస్ కాన్రాడ్ 1958లో దానికి ఒక పేరు పెట్టాడు: ట్రెమా. తెర లేచే ముందు తమకు కలిగే వణుకుని నటులు అలా అంటారు. ఏదో జరగబోతోంది, ఏమిటో తెలియదు, చుట్టూ అన్నీ అర్థం నింపుకున్నట్టు కనిపిస్తాయి. నమ్మకం ఇంకా పుట్టలేదు, ఉద్వేగం మాత్రం నిండుకుండలా ఉంది. 2003లో షితిజ్ కపూర్ దీనికి మెదడు రసాయనాల వైపు నుంచి వివరణ ఇచ్చాడు. ఏది ముఖ్యమో ఏది కాదో గుర్తుపెట్టే డోపమిన్ అనే మెదడు రసాయనం వేళ తప్పి పనిచేస్తే, పట్టించుకోనక్కర్లేని నవ్వు కూడా ముఖ్యమైనదిగా తోస్తుంది. ఎందుకు ముఖ్యమో మనసు వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటలో దొరికిన జవాబే భ్రమ.

అలాంటివారికి రోజువారీ ఒత్తిడి ఎలా తగులుతుందో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో ఇనెజ్ మియిన్-గెర్మెయ్స్ బృందం చక్కని పద్ధతిలో కొలిచింది. చేతికో గడియారం కట్టారు. అది రోజుకు పదిసార్లు, ఎప్పుడు మోగుతుందో తెలియకుండా, ఆరు రోజుల పాటు మోగుతుంది. మోగినప్పుడల్లా "ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఎలా అనిపిస్తోంది" అన్న ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబు రాయాలి. 2001లో వచ్చిన ఫలితం ఇది: చిన్న చిన్న చికాకులకు కూడా సైకోసిస్ అనుభవించినవారి మనసు మిగతావారి కన్నా ఎక్కువగా కుంగింది. వారి దగ్గరి రక్తసంబంధీకుల్లో, తమకు జబ్బు లేకపోయినా, ఆ తాకిడి మామూలు కన్నా ఎక్కువే. అంటే ఈ సున్నితత్వం జబ్బు మిగిల్చిన మచ్చ మాత్రమే అనుకోవడానికి లేదు.

మరి తాకిన ఉద్వేగాన్ని మెదడు ఎలా సంబాళించుకుంటుంది? మెదడులో ఏ భాగం ఎప్పుడు చురుకెక్కుతుందో చూపే ఎఫ్ఎంఆర్ఐ యంత్రంలో ఒకరు పడుకుని ఉన్నారనుకోండి. తల కదలకుండా రెండు పక్కలా మెత్తలు. కళ్లెదుట తెర మీద ఒక బొమ్మ, ఆస్పత్రి మంచం మీద కట్లతో ఉన్న మనిషి. ఒకసారి "ఊరికే చూడండి" అంటారు. ఇంకోసారి "దీన్ని వేరేగా అర్థం చేసుకోండి" అంటారు. "ఇతను కోలుకుంటున్నాడు, వారంలో ఇంటికి వెళ్తాడు" అని లోపల చెప్పుకోవాలి. ఈ రెండో పని చేసేటప్పుడు నుదుటి వెనక, కణతల వైపు ఉన్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చురుకెక్కుతుంది, ప్రమాదాన్ని పసిగట్టే బాదం గింజంత అమిగ్డలా నెమ్మదిస్తుంది. 2002లో కెవిన్ ఆక్స్‌నర్, జేమ్స్ గ్రాస్‌ల బృందం చూపించిన ఈ నమూనాని 2014లో 48 అధ్యయనాల విశ్లేషణ కూడా బలపరిచింది.

సైకోసిస్ ముప్పున్నవారితో ఇలాంటి పరీక్షలు చేసిన చిన్న అధ్యయనాల్లో, అర్థం మార్చుకోమన్నప్పుడు ఆ కణతల వైపు భాగం ఇతరుల్లో చురుకెక్కినంతగా వీళ్లలో చురుకెక్కలేదు. అమిగ్డలా అనుకున్నంతగా నెమ్మదించలేదు. సైకోసిస్ ప్రధానంగా కనిపించే దీర్ఘకాలిక జబ్బు స్కిజోఫ్రీనియా. అది ఉన్నవారి సంగతి, తల మీద నుంచి మెదడు విద్యుత్తుని కొలిచే ఈఈజీలో ఇంకా దగ్గరగా కనిపించింది. మనసుని కలచే బొమ్మ చూసిన సెకనులో మూడో వంతు దాటాక తల వెనక భాగాన ఒక విద్యుత్ తరంగం లేస్తుంది. బొమ్మకు ముందే దాని గురించి మెత్తని మాట ఒకటి వినిపిస్తే ఆరోగ్యవంతుల్లో ఆ తరంగం చిన్నదవుతుంది. 2013 నాటి ప్రయోగంలో స్కిజోఫ్రీనియా ఉన్నవారికి అదే మాట వినిపించినా తరంగం తగ్గలేదు. ఇవన్నీ గుంపుల సగటులు. ఒక్క మనిషిని స్కాన్ చేసి "నీకు జబ్బు వస్తుంది" అని ఎవరూ చెప్పలేరు.

ఇంట్లో మనం చెప్పే సలహా సాధారణంగా ఏమిటి? "పట్టించుకోకు", "మనసు గట్టి చేసుకో". పైకి కనిపించకుండా అణుచుకోమనే దీని అర్థం. 1993లో గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ చేసిన ప్రయోగంలో, అసహ్యం పుట్టించే సినిమా ముక్క చూపించి ముఖంలో ఏమీ కనిపించకుండా చూసుకోమంటే మనుషులు బాగానే దాచగలిగారు, కానీ లోపలి అసహ్యం తగ్గలేదు, శరీరంలో ఒత్తిడి గుర్తులు పెరిగాయి. అణుచుకోవడంలో ఆరితేరిన పిల్లవాడు ఇంట్లోవాళ్లకు నెమ్మదస్తుడిలా కనిపిస్తాడు. అతని లోపల ఏం జరుగుతోందో అందుకే చివరిదాకా తెలియదు. అర్థం మార్చుకోవడం ఇంకో రకం పని. దానికి మొదటి అర్థాన్ని పక్కన పెట్టి, రెండోదాన్ని కట్టి, మనసులో కాసేపు నిలబెట్టాలి. ఆ పని చేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఇరవైల నడుమ దాకా ఎదుగుతూనే ఉంటుంది. సైకోసిస్ ఎక్కువగా మొదలయ్యే వయసు కూడా అదే. అలాంటప్పుడు చేతకానితనం అని పిల్లల్ని తిట్టడం అన్యాయం.

ఒత్తిడి నుంచి డోపమిన్ దాకా దారి ఎలా పడుతుందో పిట్స్‌బర్గ్‌లో ఆంథొనీ గ్రేస్ ప్రయోగశాల ఎలుకల్లో వెతికింది. పుట్టకముందే మెదడు ఎదుగుదల దెబ్బతిన్న ఎలుకలు కౌమారంలో ఒత్తిడికి ఎక్కువగా బెదిరాయి. పెద్దయ్యాక వాటి మెదడులో జ్ఞాపకాలతో ముడిపడిన హిప్పోక్యాంపస్ అనే భాగం అతిగా పనిచేసి డోపమిన్ వ్యవస్థను రెచ్చగొట్టింది. 2013లో అదే కౌమారంలో ఆందోళన తగ్గించే డయాజెపామ్ ఇచ్చి చూశారు. పెద్దయ్యాక ఆ డోపమిన్ అతి చురుకు రాలేదు. పిల్లలకు ఆ మాత్ర ఇవ్వమని దీని అర్థం కానే కాదు, దానికి అలవాటుపడే ప్రమాదం వేరే ఉంది. ఒత్తిడిని ముందే తగ్గిస్తే తర్వాతి గొలుసు తెగవచ్చన్న ఆశ మాత్రం అక్కడినుంచి వచ్చింది.

మనుషుల విషయంలో ఆ ఆశ మాటల చికిత్స రూపంలో నడుస్తోంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ, ముప్పు దశలో ఉన్నవారికి సైకోసిస్ మందులు ఇవ్వవద్దని, ఆలోచనల్ని, అలవాట్లని మార్చే సీబీటీ ఇవ్వాలని 2014లో చెప్పింది. నిద్ర కూడా ఇందులో భాగమే. 2017లో 26 బ్రిటిష్ విశ్వవిద్యాలయాల్లో 3,755 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, నిద్రలేమిని సరిచేస్తే అనుమానాలు, లేనివి వినిపించడం కూడా కొంత తగ్గాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది 2015లో డేనియల్ ఫ్రీమన్ బృందం ప్రచురించిన ప్రయోగం. ఎవరో హాని చేస్తారన్న భ్రమతో బాధపడుతున్న 150 మందిలో సగం మందికి మామూలు చికిత్సతో పాటు ఆరు సిట్టింగులు అదనంగా ఇచ్చారు. రోజంతా దిగులుపడకుండా దానికొక వేళ పెట్టుకోవడం లాంటివి నేర్పారు. దిగులు తగ్గింది, దాంతోపాటు భ్రమ పట్టు కూడా సడలింది. ఆ ఆరు సిట్టింగుల్లో భ్రమ నిజమా కాదా అన్న వాదన జోలికి పోలేదు.