బొంత అంచున పడుకున్నవాడు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

పోయిన సెలవుల్లో మీలో చిన్నది నన్నొక ప్రశ్న అడిగింది. పనిచేస్తున్న కర్మాగారం మూతపడ్డాక వాళ్ల మామయ్య కొత్త పని నేర్చుకోవడానికి ఒక ప్రభుత్వ కార్యాలయంలోను, ఉద్యోగం కోసం పేరు నమోదు చేయించుకోవడానికి మరొకచోట, పని దొరికేదాకా ఇచ్చే భృతి కోసం మూడోచోట అవే వివరాలు నింపి ఇవ్వడం అది చూసింది. "తాతయ్యా, అన్నీ ప్రభుత్వానివే కదా, మామయ్య ఒక్కసారి పేరు చెబితే వాళ్లలో వాళ్లు చెప్పుకోరా? అన్నిటినీ కలిపి ఒకటే పెట్టొచ్చు కదా?" అంది. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గాని, నవ్వి తప్పించుకోదగ్గ ప్రశ్న కాదది.

మా చిన్నతనంలో మేము నలుగురం అన్నదమ్ములం, ఎవరి బొంత వారిది. ఆ నాలుగూ మా నాయనమ్మ ఒక్కసారి కూర్చుని కుట్టినవి కావు. పెద్దన్నయ్య కోసం ఒకటి కుట్టింది, నాకు జ్వరం తగిలిన ఏడు ఇంకొకటి కుట్టింది, ఇంట్లో పాత చీర చిరిగినప్పుడల్లా దాన్ని పొరలుగా పరిచి మిగిలినవాళ్ల బొంతలకు అతుకులు వేసింది. ఎప్పటి చలికి అప్పుడు కుట్టిందే తప్ప, ఇంట్లో ఎన్ని బొంతలున్నాయో ఆవిడ ఏనాడూ లెక్కపెట్టలేదు.

ప్రభుత్వాల ఉపాధి పథకాలు పుట్టేదీ ఇలాగే. అమెరికా సంగతి చూడండి. యంత్రాలు వచ్చి పాత పని పోయినవాళ్లకు మరో పని నేర్పడానికి అక్కడ 1962లో ఒక చట్టం చేశారు. పేద కుటుంబాల యువతకు వసతితో సహా శిక్షణ ఇవ్వడానికి 1964లో జాబ్ కోర్ వచ్చింది. విదేశీ సరుకు పోటీకి పని పోయినవాళ్లకు ఒకటి, వికలాంగులకు ఒకటి, సైన్యం నుంచి తిరిగివచ్చినవాళ్లకు ఒకటి, ఇలా ఒక్కో చలికి ఒక్కో బొంత చేరుతూ పోయింది. చివరికి ప్రజాధనం ఖర్చును తనిఖీ చేసే అక్కడి జవాబుదారీ కార్యాలయం 2011లో లెక్క తీస్తే, 2009 ఆర్థిక సంవత్సరంలో తొమ్మిది శాఖల కింద 47 పథకాలున్నాయని, వాటికి దాదాపు 1,800 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని, వాటిలో 44 పథకాలు కనీసం మరొకదానితో పాటు అదే రకం సేవ చేస్తున్నాయని తేలింది. నన్ను ఆలోచనలో పడేసిన అంకె మాత్రం ఇంకా చిన్నది. పథకం వల్లనే ఉద్యోగం వచ్చిందా, లేక ఆ మనిషి ఎలాగూ వెతుక్కునేవాడేనా అన్నది తేల్చే అధ్యయనం 2004 తరువాత పూర్తయింది అయిదు పథకాలకే. అంటే బొంతలు పంచినవాళ్లున్నారు గాని, రాత్రి లేచి ఎవరికి వెచ్చగా ఉందో తడిమి చూసినవాళ్లు తక్కువ.

ఒక చలికాలంలో మా నాయనమ్మ నాలుగు బొంతలనూ కలిపి ఒక్కటిగా కుట్టేసింది. పగలంతా ఎంత సుఖమో చెప్పలేను. మడతపెట్టేది ఒకటే, ఎండలో వేసేది ఒకటే. రాత్రి నడుమ పడుకున్న పెద్దన్నయ్య ఒక్క లాగు లాగేసరికి, గోడవార పడుకున్న నాకు కుట్టు తప్ప బట్ట మిగల్లేదు. పైగా నా బొంతకు చిరుగు పడితే ఇదివరకు నేనే సూది పట్టేవాణ్ణి, ఇప్పుడు అది అందరిదీ కనుక ఎవరూ పట్టలేదు.

అమెరికాలో 1973లోనే అంతకుముందరి శిక్షణ పథకాలను చాలావరకు ఒకే చట్టం కిందికి తెచ్చారు. అయినా 2009 నాటికి అవి 47 ఎలా అయ్యాయంటే, నాకు మా ఇల్లే గుర్తొస్తుంది. నేను నాలుగు రాత్రులు ఏడిచేసరికి నాయనమ్మ ఎవరికీ చెప్పకుండా నాకొక చిన్న బొంత విడిగా కుట్టి ఇచ్చింది. ఆ సంగతి బయటపడ్డాక మా తమ్ముడూ ఏడిచాడు, ఆ తరువాత జరిగింది మీరు ఊహించుకోగలరు.

కలపడంలోనూ రెండు రకాలున్నాయి. 1998 నాటి చట్టంతో అక్కడ ప్రతి ప్రాంతంలోను పని వెతుక్కునేవాడు ఒక్క గుమ్మం ఎక్కితే చాలా పథకాలు అందేలా కేంద్రాలు పెట్టించారు. అది కిటికీలను కలపడం, డబ్బు సంచులు చాలావరకు వేరువేరుగానే ఉండిపోయాయి. 2014 నాటి చట్టం మరో అడుగు వేసి 15 పథకాలను తీసేసింది. సంచులు కలిసినచోట నిర్వాహకులు తొందరగా ఉద్యోగం వచ్చేవాళ్లను ముందు చేర్చుకుని లెక్క బాగా చూపించే ప్రమాదం ఉంటుంది, ఆరు నెలలు ఓపికగా నేర్పవలసినవాడు గోడవారే మిగిలిపోతాడు. అందుకే అదే చట్టంలో పేదలకు, చదవడం రాయడం సరిగా రానివాళ్లకు ముందు చోటివ్వాలని రాశారు.

మన దేశంలోనూ 1999లో పల్లె యువతకు పని నేర్పే ట్రైసెమ్, పల్లె ఆడవాళ్ల సంఘాలకు తోడ్పడే డ్వాక్రా వంటి పథకాలను కలిపి ఒకే స్వరోజ్‌గార్, అంటే స్వయం ఉపాధి, పథకం చేశారు. కాగితం మీద డ్వాక్రా ఆనాడే ముగిసింది, కాని ఈనాటికీ ఆడవాళ్ల పొదుపు సంఘాలను డ్వాక్రా సంఘాలనే అంటున్నారు. తనకు వెచ్చగా ఉన్న బొంతను మనిషి అంత సులువుగా వదలడేమో.

నా పోలిక ఇక్కడితో చిరుగుతుంది, ఎందుకంటే బొంతకు జీతం తీసుకునే గుమాస్తాలుండరు, దాని పేరు మార్చి తాను కుట్టానని చెప్పుకునే మంత్రులూ ఉండరు. చిన్నదాని ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇంతవరకే: పేరు ఒక్కసారే అడగాలన్న మాట నూటికి నూరుపాళ్లూ సరైనది, కిటికీలను రేపే కలపవచ్చు. సంచులను కలిపే ముందు మాత్రం ఒక్కో పథకాన్ని ఎవరి చలికి కుట్టారో, వాళ్లిప్పుడు ఎక్కడ పడుకున్నారో ఒకసారి చూసి రావాలి. ఏ పథకం ఎప్పుడు తీసేయాలో నాకు తెలిసినట్టు రాస్తే అది గొప్పలకు పోవడమే అవుతుంది.

ఈసారి మామయ్య ఆ కార్యాలయానికి వెళ్లినప్పుడు మీరూ వెంట వెళ్లండి. బల్లమీద కదలకుండా కూర్చుని, ఆయన తన తండ్రిపేరు ఎన్ని కాగితాల మీద రాశాడో లెక్కపెట్టండి. ఆ గంటలో ఎవరిని ఏ కిటికీ నుంచి వెనక్కి పంపారో, పంపుతూ ఏ కారణం చెప్పారో గమనించి, రెండూ ఒక కార్డు మీద రాసి నాకు పంపండి.

మీ తాతయ్య