పికప్ వెనుక ట్రైలర్ ఊగడం: అపోహలు – వాస్తవాలు

టెక్సాస్‌లో పికప్ ట్రక్కులకు హిచ్‌లు, అంటే వెనుక ట్రైలర్‌ను తగిలించే అమరికలు, బిగించడం నా వృత్తి. హైవే మీద క్యాంపింగ్ ట్రైలర్ ఊగిపోయిందని భయపడి వచ్చేవారు తప్పును గాలి మీదనో, పక్కనుంచి దూసుకుపోయిన లారీ మీదనో వేస్తారు. నేను మాత్రం ముందుగా సామాను ఎక్కడ సర్దారని అడుగుతాను.

అపోహ: బరువును ట్రైలర్ వెనుక భాగంలో పెడితే ట్రక్కుకు భారం తగ్గుతుంది.

వాస్తవం: భారం తగ్గే మాట నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. ఈ తరహా ట్రైలర్లలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బంతి మీద పడాలి. దీనినే టంగ్ వెయిట్ అంటారు. ఇది తగ్గినప్పుడు చిన్న గాలితోపు కూడా ఊపుగా మారి, ఊపు ఊపుకూ పెరుగుతుంది. ఒక తెలుగు కుటుంబం తెచ్చిన 5,000 పౌండ్ల ట్రైలర్‌ను తూస్తే టంగ్ వెయిట్ 400 పౌండ్లే, అంటే 8 శాతమే ఉంది. వెనుక బంపర్‌కు కట్టిన సైకిళ్లు, జనరేటరు కలిపి 160 పౌండ్లు. "ఇంత చిన్న బరువుకేనా అండీ?" అని ఆ ఇంటాయన ఆశ్చర్యపోయారు. వాటిని ట్రక్కులోకి మార్చగానే టంగ్ వెయిట్ సుమారు 510 పౌండ్లకు పెరిగింది. ఇరుసు ఆధారంగా ట్రైలర్ ఏతంలా పనిచేస్తుంది మరి. అయితే టంగ్ వెయిట్‌తో పాటు ట్రక్కులో వేసిన సామానూ ట్రక్కు మోయగల బరువులోనే లెక్కకు వస్తుంది కనుక, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరులోని పరిమితిని దాటకూడదు.

అపోహ: ఊగుతున్నప్పుడు వేగం పెంచితే ట్రైలర్ తిన్నగా అవుతుంది.

వాస్తవం: వేగం పెరిగేకొద్దీ ఊపును అణచడం కష్టమవుతుంది. ట్రక్కు బ్రేకును గట్టిగా తొక్కడం, ఊపుకు ఎదురుగా స్టీరింగు తిప్పడం కూడా ప్రమాదకరమే. స్టీరింగును తిన్నగా పట్టుకొని, యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీసి, బ్రేక్ కంట్రోలర్ (ట్రక్కులో కూర్చునే ట్రైలర్ బ్రేకులను నడిపే పరికరం) మీటతో ట్రైలర్ బ్రేకులను మాత్రమే మృదువుగా వేయాలి.

అపోహ: వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఉంటే చాలు.

వాస్తవం: దాని అసలు పని ట్రక్కు ముందు చక్రాలకు బరువును తిరిగి అందించడం. ఊపును అడ్డుకునే ఏర్పాటు కొన్ని రకాలలోనే ఉంటుంది. ట్రక్కులోని ఎలక్ట్రానిక్ నియంత్రణ ఊపు మొదలయ్యాకే మేల్కొంటుంది. ఈ రెండూ తప్పుగా సర్దిన సామానును సరిచేయలేవు.

హిచ్ బిగించాక, ఖాళీ పార్కింగ్ స్థలంలో నెమ్మదిగా నడుపుతూ బ్రేక్ కంట్రోలర్ మీటను చూడకుండా నొక్కమంటాను. చాలామంది చెయ్యి మొదటిసారి రేడియో బొత్తాం మీదికే పోతుంది.