ఉబ్బసం: బిగుసుకోవడమే కాదు, వాపు కూడా అని తేలిందిలా

అనంతపురం జిల్లాలో వేరుశనగ కట్టె మిషన్‌కు వేసే రోజుల్లో లేచే దుమ్ముకు ఒకరు రెండు తుమ్ములు తుమ్మి ఊరుకుంటారు. పక్కనున్న ఉబ్బసం మనిషికి పిల్లికూతలు మొదలై, మాట కూడా పూర్తిగా రాదు. దుమ్ము ఒకటే అయినా ఒకరి ఊపిరి గొట్టాలే ఎందుకంత రెచ్చిపోతాయి?

పందొమ్మిదో శతాబ్దపు వైద్యులు దీన్ని ప్రధానంగా శ్వాసనాళాల కండరం బిగుసుకుపోయే జబ్బుగా చూశారు. 1910లో శాస్త్రవేత్తలు హెన్రీ డేల్, లెయిడ్‌లా హిస్టమిన్ అనే, అలర్జీలో ఒంట్లో విడుదలయ్యే రసాయనం చేసే పనులు వివరించాక దోషి దొరికాడనిపించింది. తీరా 1940ల్లో దాన్ని అడ్డుకునే యాంటీహిస్టమిన్ మందులు వచ్చాక తుమ్ములు, దురదలు తగ్గాయి కానీ ఉబ్బసం పెద్దగా లొంగలేదు.

అసలు ఆచూకీ అప్పటికే ఒక వింత ప్రయోగంలో దొరికింది. 1938లో ఫెల్డ్‌బర్గ్, కెల్లవే అనే శాస్త్రవేత్తలు జంతువుల ఊపిరితిత్తుల్లోకి నాగుపాము విషం పంపితే, కండరాన్ని మెల్లగా పట్టి చాలాసేపు వదలని పదార్థం ఒకటి బయటికొచ్చింది. హిస్టమిన్ పట్టు అయితే గబుక్కున వచ్చి పోతుంది. అదేమిటో తేలడానికి నలభై ఏళ్లు పట్టింది. 1979లో స్వీడన్‌లో శాస్త్రవేత్త సామ్యుయెల్‌సన్ బృందం ఆ రకం పదార్థాలకు ల్యూకోట్రయీన్లని పేరు పెట్టింది. గొట్టాలను బిగించడంలో ఇవి హిస్టమిన్‌కు సుమారు వెయ్యి రెట్లు. వీటిని అడ్డుకునే మాంటెలుకాస్ట్ 1998లో అమెరికాలో అనుమతి పొందింది. మనసు మీద దుష్ప్రభావాలుంటాయని 2020లో అక్కడే గట్టి హెచ్చరిక కూడా చేర్చారు. ఇళ్లలో ఈ మాత్రను మామూలు జలుబు మాత్రలా మింగేస్తుంటారు, అది తగదు.

తర్వాత, రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రొటీన్లయిన ఇంటర్‌ల్యూకిన్ల వంతు. నాలుగో రకం అలర్జీ యాంటీబాడీని పెంచుతుంది. ఐదోది ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లరక్త కణాలను పుట్టించి, ఎక్కువ కాలం బతికిస్తుంది. పదమూడోది కఫం పెంచి, కండరాన్ని చిన్న రేగింపుకే ముడుచుకునేలా చేస్తుంది. ఐదో రకాన్ని అడ్డుకునే ఇంజెక్షన్‌ను మొదట అందరికీ ఇచ్చి చూస్తే పెద్ద ఫలితం కనపడలేదు. ఇసినోఫిల్స్ ఎక్కువున్నవాళ్లను ఏరి ఇచ్చినప్పుడు, 2009లో, ఉధృతంగా వచ్చే దాడులు తగ్గాయి. ఉబ్బసం అంతా ఒకటే జబ్బు కాదని అలా రూఢి అయింది.

ఆయాసం లేని రోజుల్లోనూ గొట్టాల లోపల వాపు ఉండొచ్చు. మెడికల్ షాపులో కొనుక్కునే సాల్బుటమాల్ పంపు కండరాన్ని వదులు చేస్తుందే తప్ప ఆ వాపు జోలికి పోదు. ఆ వాపును తగ్గించడమే బ్రిటన్‌లో 1972 నుంచే ఉన్న స్టెరాయిడ్ పంపు పని. 2019లో అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శక సంస్థ ‘జినా’, పెద్దవాళ్లు, కౌమార వయసు పిల్లలు సాల్బుటమాల్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని, ఉబ్బసం కొద్దిగా ఉన్నా స్టెరాయిడ్ కలిసిన మందే వాడాలని సలహా మార్చింది.