నిన్న రాత్రి మబ్బు పట్టిందా?

2023 ఏప్రిల్ 4. గ్యాంగ్‌టక్ నుంచి నాథులా వెళ్లే దారిలో మధ్యాహ్నం 12 దాటాక మంచు చరియలు విరిగిపడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. పాసులు ఇచ్చింది 13వ మైలు దాకానే, ప్రమాదం జరిగింది 15వ మైలు దగ్గర అని అధికారులు చెప్పారు. ఎండాకాలం రాగానే మనవాళ్లు కూడా సిక్కింకో మనాలికో బయల్దేరతారు. అక్కడ చలి ఎంతుందని అందరూ అడుగుతారు. మంచువాలు మీదికి వెళ్లేవాళ్లు మాత్రం ముందుగా ఇంకోటి అడగాలి: నిన్న రాత్రి ఆకాశంలో మబ్బు ఉందా?

మార్చి, ఏప్రిల్‌లో హిమాలయాల మీది పాత మంచును చేతిలోకి తీసుకుంటే సగ్గుబియ్యం లాంటి గింజలు కనిపిస్తాయి. పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, మళ్లీ మళ్లీ అలాగే జరిగి మంచు ఈ రూపానికి వస్తుంది. తెల్లవారుజామున ఈ గింజలు పల్లీపట్టీలా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. పల్లీలను పట్టి ఉంచేది బెల్లం పాకమైతే, వీటిని పట్టి ఉంచేది గింజల మధ్య గడ్డకట్టిన నీరు. దాని మీద మనిషి నడిచినా బూటు దిగదు. ఎండెక్కితే ఆ పాకం కరుగుతుంది. నీరు లోపలికి ఇంకి కింది పొరల పట్టు కూడా వదిలిస్తుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే, ఇక ఆ బరువంతా జారడానికి సిద్ధంగా ఉన్నట్టే.

మబ్బు సంగతి ఇక్కడే వస్తుంది. నిర్మలమైన రాత్రి మంచు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి బిగుసుకుంటుంది. మబ్బు కమ్మితే ఆ వేడి తిరిగి కిందికే వస్తుంది. మబ్బు పట్టిన రాత్రి మన ఊళ్లో ఉక్కపోసేదీ ఇందుకే. అలాంటి రాత్రి తర్వాత కొండ పొద్దున్నే మెత్తగా ఉంటుంది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే, ఎందుకంటే చూడటానికి ఏ తేడా తెలియదు.

ఎండ ముందు తూర్పు వాలును తాకుతుంది, తర్వాత దక్షిణం, ఆపైన పడమర. దారి కూడా ఆ లెక్కనే వేసుకోవాలి. వాలు మీద మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా, బూటు చీలమండ దాటి దిగుతున్నా వెంటనే వెనక్కి తిరగాలి. ప్రమాదకరమైన వాలును ఒక్కొక్కరుగా దాటాలి. దాని కింద చదునుగా ఉంది కదా అని భోజనానికి కూర్చోకూడదు. పైనుంచి వచ్చేది అక్కడికే వస్తుంది.

తడి మంచు పొడి మంచంత వేగంగా రాదు. కానీ ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుంటుంది, లోపలున్న మనిషి చెయ్యి కూడా కదపలేడు. పదిహేను నిమిషాలు దాటితే బతికే ఆశ చాలా వేగంగా తగ్గిపోతుంది. బయటి నుంచి సాయం వచ్చేదాకా ఆగే టైమ్ ఉండదు కాబట్టి పక్కనున్నవాళ్లే తవ్వి తీయాలి. అందుకే ప్రతి ఒక్కరి ఒంటి మీద సిగ్నల్ పంపే ట్రాన్స్‌సీవర్, సంచిలో పొడిచి వెతికే ప్రోబ్, పార ఉండాలి. వాటిని వాడటం ముందే సాధన చేసి ఉండాలి.

వసంతంలో కొండెక్కేవాళ్లు తెల్లవారుజామునే లేచేది ఎండ ముదిరేలోపు కిందికి దిగిపోవడానికి. టెంటు బయట మొదటి అడుగు వేసినప్పుడు కరకరమని గట్టిగా తగిలితే బయల్దేరవచ్చు. కాలు మెత్తగా దిగబడితే బూట్ల లేసులు విప్పేసి మళ్లీ పడుకోవాలి.