కత్తి పట్టిన ప్రతి రాకుమారీ కొత్త రాకుమారి కాదు

పిల్లలకు కథలు చదివి వినిపించడం నా పని. రాకుమారులు, డ్రాగన్లు ఉండే నవ్వుల కథలనగానే పెద్దవాళ్లు కొన్ని మాటలు అనేస్తుంటారు. అమెరికన్ రచయిత్రి ప్యాట్రీషియా సి. రీడీ రాసిన ‘ఎన్‌చాంటెడ్ ఫారెస్ట్ క్రానికల్స్’ నాలుగు పుస్తకాలు చదివితే ఆ మాటలు నిలవవు.

అపోహ: రాకుమారి చేతికి కత్తిస్తే చాలు, కథ కొత్తదైపోతుంది.

వాస్తవం: ఈ పుస్తకాల్లోని రాకుమారి సిమొరీన్ కత్తిసాము నేర్చుకుంటుంది, నిజమే. ఇంట్లోవాళ్లు మాన్పిస్తారు. మేజిక్, లాటిన్, వంట... ఏది మొదలెట్టినా అదే తంతు. చివరికి పెళ్లి కుదిర్చేసరికి పారిపోయి, కజుల్ అనే డ్రాగన్ దగ్గర తనంతట తానే కొలువుకు కుదురుతుంది. అక్కడ చేసేదేమిటి? వంట, లైబ్రరీ సర్దడం, నిధి చక్కబెట్టడం! విడిపిస్తామని వచ్చిన వీరులను గుమ్మంలోంచే సాగనంపుతుంది. ఇంటిపని చిన్నదని ఈ కథ ఎక్కడా అనదు. ఇష్టపడి చేస్తున్నామా లేదా అన్నదే దాని పేచీ. కత్తి పట్టించి చేతులు దులుపుకునే రచయితలకు ఇది పట్టదు.

అపోహ: హాస్యం కదా, లాజిక్ అక్కర్లేదు.

వాస్తవం: లాజిక్ తప్పితే ముందు పట్టేసేది పిల్లలే. ఎలా చావాలో ఎంచుకోమంటాడు సీసాలోంచి వచ్చిన జిన్నీ. ‘ముసలితనంతో’ అని సిమొరీన్ జవాబు! తాను పెట్టిన నియమాన్ని జిన్నీ తానే దాటలేడు కాబట్టే నవ్వొస్తుంది. డ్రాగన్లలో ‘రాజు’ అనేది ఉద్యోగం పేరు, అందుకే ఆడ డ్రాగన్ కజుల్ కూడా రాజే అవుతుంది. మరి రాణి? అది వేరే ఉద్యోగం, ఎవరికీ పెద్దగా మోజు లేదు. రెక్క చిరిగి ఓ మగ డ్రాగన్ తప్పుకున్నప్పటి నుంచి ఆ పోస్టు ఖాళీ.

ఇవి ఆడపిల్లల పుస్తకాలంటారా? నాలుగో పుస్తకంలో కథ చెప్పేది డేస్టార్ అనే కుర్రాడు. పైగా అన్నిటికన్నా ముందు, 1985లో, వచ్చింది అదే. కథ వరసలో ‘మొదటి’ పుస్తకం 1990లో వచ్చింది. కత్తి పట్టే రాకుమారి కొత్త ఫ్యాషనా? 1924లో కన్నుమూసిన ఇంగ్లిష్ పిల్లల రచయిత్రి ఈ. నెస్బిట్ కథలోనే రాకుమారుడికన్నా రాకుమారి బాగా కత్తి తిప్పింది.

అపోహ: మన పిల్లలకు డ్రాగన్ ఎక్కదు.

వాస్తవం: డ్రాగన్ సంగతి ఎలా ఉన్నా, రాకుమారిని ఎత్తుకుపోయే మాంత్రికుడు 1951 నాటి ‘పాతాళభైరవి’ నుంచీ మనవాడే. ఈ పుస్తకాల్లో మాంత్రికుల మీద నిమ్మరసం కలిపిన సబ్బునీళ్లు పోస్తే కరిగిపోతారు. నిమ్మకాయంటే మంత్రగాడి సామానని ఎరిగిన మన పిల్లలకు ఇందులో ఇంకో నవ్వు అదనం. అందుకే ‘నిమ్మరసం’ అన్న మాట దగ్గర కాసేపు ఆగి మరీ చదువుతాను.