మూల దగ్గర సూది ఎక్కడ ఆగాలి: బొంత అంచుల గురించి అపోహలు - వాస్తవాలు

విజయవాడ సత్యనారాయణపురంలో, మా ఇంటి ముందు గదిలో పన్నెండేళ్లుగా కుట్టు నేర్పుతున్నాను. జాకెట్టు నేర్చుకోవడానికి వచ్చినవారిలో చాలామంది చివరికి బొంత దగ్గరకు వస్తారు. ఇంట్లో అమ్మమ్మ నూలు చీరలు ఉంటాయి, పారేయడానికి మనసొప్పదు. ముక్కలు అతకడం, పొరలు కలిపి కుట్టడం ఓపికగా నేర్చుకుంటారు. నాలుగు అంచులకూ పట్టీ (ముందు వైపు కుట్టి, వెనక్కి తిప్పి అంచును మూసే సన్నని గుడ్డ) వేసే రోజున మాత్రం, మూల దగ్గరకు రాగానే చేతులెత్తేస్తారు. "అక్కా, ఈ ఒక్క మూలా మీరు కుట్టి ఇవ్వండి" అంటారు. కుట్టి ఇవ్వను. మూలను మలిచేది కొలతే. ఆ కొలత తెలియనివ్వకుండా అడ్డుపడే మాటలు కొన్ని ప్రచారంలో ఉన్నాయి.

అపోహ: మూలకు పావు అంగుళం ముందు కుట్టు ఆపాలి, మిగతాది చేతి అలవాటు.

నేను చూసిన పాడైన మూలల్లో ఎక్కువ భాగం ఈ మాట వల్లనే పాడయ్యాయి. పావు అంగుళం అందరికీ వర్తించే లెక్క కాదు. బొంత అంచు నుంచి మీ కుట్టు ఎంత లోపలికి పడుతోందో, మూల నుంచి కూడా సరిగ్గా అంతే దూరంలో సూది ఆగాలి. మనలో చాలామంది మిషన్ పాదం (సూది దగ్గర గుడ్డను నొక్కిపట్టే భాగం) అంచునే గుర్తుగా పెట్టుకుని కుడతారు. చాలా మిషన్లలో ఆ అంచుకూ సూదికీ మధ్య దూరం పావు అంగుళం ఉండదు. కాబట్టి ముందు ఒక పాత గుడ్డ మీద కుట్టి, టేపుతో కొలిచి చూడండి. వచ్చిన కొలతను బొంత నాలుగు మూలల్లోనూ సుద్దతో చుక్క పెట్టండి. ఆ చుక్క దాటి తిన్నగా అంచు వరకు కుట్టేస్తే మడత కుట్టులో చిక్కుకుపోయి మూల మొద్దుబారుతుంది. చుక్క కన్నా బాగా ముందే ఆపితే మూలలో సందు మిగులుతుంది.

చుక్క దగ్గర సూదిని గుడ్డలోనే దించి ఉంచి, బొంతను కాస్త తిప్పి, అక్కడి నుంచి ఐమూలగా మూల కొస వరకు కుట్టుకుంటూ బయటకు వచ్చేయండి. వెనక్కి కుట్టే ఏర్పాటు లేని పాత కాలి మిషన్ మీద కూడా ఇలా చేస్తే కుట్టు ఊడదు. తరువాత పట్టీని పైకి మడవండి. పట్టీ అంచు, మీరు కుట్టబోయే తరువాతి వైపు అంచు రెండూ ఒకే గీతలో ఉండాలి. ఇప్పుడు అదే పట్టీని కిందికి దించండి. పై మడత, కుట్టేసిన వైపు అంచుతో సమంగా కూర్చోవాలి. ఆ పై అంచు నుంచే మళ్లీ కుట్టు మొదలుపెట్టండి. మూల సరిగ్గా చతురస్రంగా లేని బొంతకు కూడా ఈ "ఒకే గీత" పద్ధతి పనికివస్తుంది. కోణం ఎంతో లెక్క కట్టే పని ఉండదు.

అపోహ: అంచు పట్టీ తప్పనిసరిగా క్రాస్ ముక్కతోనే (పోగులకు ఐమూలగా కోసిన గుడ్డతోనే) వేయాలి.

ఇది జాకెట్టు మెడ పైపింగ్ నుంచి వచ్చిన అలవాటు. మెడ గుండ్రం కాబట్టి అక్కడ సాగే గుడ్డ కావాలి. బొంత అంచు తిన్నగా ఉంటుంది, నిలువు పోగు పట్టీ గానీ అడ్డపోగు పట్టీ గానీ చక్కగా సరిపోతుంది. క్రాస్ పట్టీ చేతిలో సాగిపోయి అంచు అలలు తేలుతుంది. మూలలు గుండ్రంగా తీసుకుంటేనే క్రాస్ అవసరం. పైపింగ్ వేసేటప్పుడు పట్టీని లాగి పట్టుకునే అలవాటును కూడా ఇక్కడ మానుకోవాలి. పట్టీ ముక్కలను ఒకదానితో ఒకటి కలిపేటప్పుడు మాత్రం ఐమూలగా అతకండి. అతుకు మందం ఒకేచోట పడకుండా పరుచుకుంటుంది.

పట్టీ వెడల్పు పల్చని బొంతకు రెండుంపావు అంగుళాలు, దూది పొర ఉన్నదానికి రెండున్నర. దాన్ని నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి వాడాలి. 44 × 56 అంగుళాల బొంత చుట్టుకొలత 200 అంగుళాలు. మూలల మడతలకు, చివరి అతుకుకు మరో 12 కలపండి. అతుకుల్లో కొంత పోతుంది కాబట్టి 44 అంగుళాల పన్నా గుడ్డలో ఆరు పట్టీలు కావాలి, అర మీటరు కొంటే చాలు. వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌కు వెళ్లి మీటర్లకొద్దీ తెచ్చుకునేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

అపోహ: పక్క బోర్డరు (బొంత మధ్య భాగం చుట్టూ అతికే వెడల్పు ముక్కలు) మూల, అంచు పట్టీ మూల ఒకటే పని.

పూర్తిగా వేరు. అంచు పట్టీలో గుడ్డను కోయకుండా మడతతో మూల తెస్తాం. బోర్డరులో రెండు వేరువేరు ముక్కలను 45 డిగ్రీల ఐమూల కుట్టుతో అతుకుతాం. మధ్య భాగం 36 × 48 అంగుళాలు, బోర్డరు వెడల్పు 4 అంగుళాలు అనుకుందాం. పొడుగు వైపు ముక్క 48కి రెండు వెడల్పులు 8, చేతిలో ఉండటానికి మరో 4 కలిపి 60 అంగుళాలు. పొట్టి వైపుకు 48. బోర్డరు మధ్యను మధ్యకు కలిపి గుండుసూదులు పెట్టి కుట్టి, మధ్య భాగం రెండు కొసల్లోనూ కుట్టు వెడల్పంత దూరంలో ఆపాలి. తరువాత బొంతను ఐమూలగా మడిచి, ఆ కుట్టు ఆగిన లోపలి చుక్క నుంచి బయటి కొస వైపు కుట్టాలి. విప్పి చూసి, తిన్నగా పరుచుకుందని నమ్మకం కలిగాకే మిగులు గుడ్డ కత్తిరించండి. ఆ కుట్టు క్రాస్ మీద ఉంటుంది కనుక ఇస్త్రీపెట్టెను ఎత్తి పెట్టాలి, ఈడ్చకూడదు.

మంగళగిరి చీర అంచును బోర్డరుగా వేసినప్పుడు ఈ కష్టానికి ఫలం కనిపిస్తుంది. జరీ గీతలు మూలలో కలిసి పటం కట్టినట్టు తిరుగుతాయి. పై లెక్కన నాలుగు ముక్కలకూ కలిపి 216 అంగుళాలు కావాలి. ఐదున్నర మీటర్ల చీర ఒక వైపు అంచు పొడవు కూడా దాదాపు అంతే. కొస చిరిగినా, మరక ఉన్నా చాలదు. అందుకే చీర రెండో వైపు అంచును కూడా విప్పి దగ్గర పెట్టుకోండి. చీరను ముందే ఉతికి ఆరబెట్టడం మరవకండి. బోర్డరు ఒక గుడ్డ, మధ్య భాగం మరొక గుడ్డ అయితే రెండూ ఒకేలా ముడుచుకోవు, మూల గుంజుకుపోతుంది.

గీతలు, జరీ లేని సాదా గుడ్డకు ఐమూల అతుకు అవసరం లేదు. తిన్నగా అతికిన మూల ఎంతో గట్టిగా ఉంటుంది, దాన్ని తక్కువగా చూడకండి.

అపోహ: మూల ఉబ్బితే లోపలి గుడ్డ కత్తిరించాలి.

వద్దు. పట్టీ వెనక్కి తిప్పేటప్పుడు ముందు వైపు మడత ఎటు ఒరిగిందో చూసి, వెనుక వైపు మడతను దానికి ఎదురు దిశలో ఒరిగించండి. మందం రెండు వైపులకూ పంచుకుంటుంది. లోపలి గుడ్డ, దూది తీసేస్తే మూల ఖాళీ సంచిలా వేలాడుతుంది.

అపోహ: మూల మడత నిలిచిపోయాక ఆ మడత దగ్గరి సందును కుట్టనక్కరలేదు.

మా అక్క కూతురు పుట్టినప్పుడు కుట్టిన నా మొదటి బొంతలో నేను చేసిన తప్పు ఇదే. ఇస్త్రీ చేసి ఇచ్చిన రోజు నాలుగు మూలలూ కత్తిలా ఉన్నాయి. మొదటి ఉతుకుతో నాలుగూ తెరుచుకున్నాయి. వెనుక పట్టీని చేతికుట్టుతో కుట్టుకుంటూ మూలకు వచ్చినప్పుడు, ఆ ఐమూల సందులోకి నాలుగైదు సన్నని కుట్లు వేయండి. తరువాత సూదిని పొరల మధ్య నుంచి ముందు వైపుకు దించి అక్కడ కూడా అలాగే మూసి, వెనక్కి వచ్చి అంచు కుట్టు కొనసాగించండి. ఒక్కో మూలకు రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ బొంత ఇప్పటికీ మా అక్క ఇంట్లో ఉంది. మూలలు విప్పి మళ్లీ కుట్టి ఇచ్చాను.